రెండో బ్రేకు

మాకు డ్రైవింగ్ నేర్పిన సారు మమ్మల్ని ఏనాడూ పేర్లతో పిలవలేదు. ఆయన సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎవరు ఏ స్టాపులో దిగుతారో ఆయనకు అదే వాళ్ళ పేరు. నేను బౌద్ధనగర్. ఎప్పుడు చూసినా గోళ్ళు కొరుక్కునే చిన్నపిల్ల నల్లకుంట. మా అందరిలోకీ బాగా నడిపేది మల్కాజ్‌గిరి. కారు తలుపు పట్టుకుని "మల్కాజ్‌గిరీ ఎక్కు, నల్లకుంట దిగు" అని ఆయన కేకేస్తుంటే, చెట్ల కింద పుస్తకాలు పరుచుకుని సర్కారు నౌకరీ పరీక్షలకు చదివే పోరగాళ్ళు తలెత్తి నవ్వేవారు. నవ్వితే నవ్వనీ. పెళ్ళయినప్పటి నుంచి ఇంట్లో 'ఏయ్' అనీ, మెస్సులో 'ఓ చపాతీ' అనీ పిలిపించుకున్నదాన్ని. బౌద్ధనగర్ అనే పేరు నాకు గౌరవంగానే వినిపించింది.

యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టల్ మెస్సులో చపాతీలు చేయడం నా పని. పెనం ముందు నిలబడి నిలబడి మొహం నల్లబడింది, మణికట్లు పడిపోయాయి. ఒకరోజు మెస్సు గోడ మీద కాగితం అంటించారు. పేద ఆడవాళ్ళకు కారు నడపడం నేర్పి ఉద్యోగం ఇప్పిస్తారట. క్యాంపస్ రోడ్ల మీదే, పొద్దున పూట, డబ్బులేమీ తీసుకోరట. నేర్పించే సంస్థ మేడమ్ మాకు మీటింగు పెట్టి, ఆడవాళ్ళను ఆడ డ్రైవర్లే తీసుకెళ్ళే క్యాబ్ కంపెనీ ఒకటి ఉందనీ, అది తార్నాకలో కొత్తగా మొదలుపెడుతోందనీ, రోడ్డు మీద ట్రయల్ పాసైతే నేరుగా పనిలోకి తీసుకుంటుందనీ చెప్పింది. మా కాళ్ళ మీద మేం నిలబడాలంది. రోజంతా నిలబడే పనే మాది, ఇంక కూర్చుని చేసే పని ఏదైనా ఉంటే చెప్పమ్మా తల్లీ అనబోయి ఊరుకున్నాను. నోరు మూసుకోవడం నాకు మామూలుగా చేతకాదు. ఆ రోజు ఆశ కొద్దీ మూసుకున్నాను. మెస్సులో సాయంత్రం డ్యూటీకి మారి, నేర్చుకోవడానికి చేరిపోయాను.

మల్కాజ్‌గిరి నాకన్నా చిన్నది, నన్ను అక్కా అనేది. జనగామ వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. భర్త పోయాక కూతుర్ని తీసుకుని సొంత అక్క ఇంటికి వచ్చింది. రైలు స్టేషన్ దగ్గర ఆ ఇంటి ముందు వరండాలో, బావ బండి పెట్టుకునే చోట, తల్లీకూతుళ్ళు పడుకునేవారు. తార్నాకలో ఒక ఆఫీసు ఊడ్చి తుడిచేది. కూతురు పదో తరగతి. మా గ్యాంగులో అందరి కష్టాలూ అందరికీ తెలుసు, ఎందుకంటే ఒకరు నడుపుతుంటే మిగతావాళ్ళం వెనక సీట్లో ఇరుక్కుని కూర్చునేవాళ్ళం, మాట్లాడుకోకుండా ఏం చేస్తాం? అట్లా తెలిసింది. పదో తరగతి అయిపోగానే పిల్లను నల్లకుంటలో తనకు తెలిసినవాళ్ళ చీరల దుకాణంలో పెడతానని బావ తేల్చి చెప్పాడట. ఇంట్లో తిండి తినేవాళ్ళంతా సంపాదించాలన్నది ఆయన లెక్క. ఆయన చెడ్డవాడని నేను అనను. అంతకన్నా చెడ్డవాళ్ళయితే వరండా కూడా ఇవ్వరు.

సర్కారు కాలేజీ ఉంది కదా, ఫీజు లేదు కదా అన్నాను నేను.

"కాలేజి ఫ్రీయే అక్కా. ఇల్లు ఫ్రీ కాదు" అంది.

అందుకే ఆమెకు ఈ ఉద్యోగం కావాలి. ఉద్యోగం వస్తే చిన్నదో పెద్దదో ఒక గది అద్దెకు తీసుకుంటుంది, పిల్లను ఇంటర్లో చేరుస్తుంది. పదో తరగతి రిజల్టు వచ్చేదాకా ఆగమని బావ కాళ్ళు పట్టుకుంటే ఆయన సరేనన్నాడు. అందుకని మేం నేర్చుకున్నట్టు కాదు ఆమె నేర్చుకోవడం. వెనక సీట్లో కూర్చున్నప్పుడు కూడా చేతులు గాల్లో తిప్పుతూ ఉండేది. నల్లకుంట నవ్వేది, నేను గదమాయించేదాన్ని.

మా నేర్చుకునే కారుకు బ్రేకులు రెండు. నడిపేవాళ్ళకు ఒకటి, పక్క సీట్లో సారు కాళ్ళ దగ్గర ఇంకొకటి. మొదటి రోజే ఆయన చెప్పేశాడు.

"గది మీ బ్రేకు, గిది నా బ్రేకు. పానం మీదికొస్తె తప్ప నేను కాలు పెట్ట. బండి మీది, బాధ్యత మీది."

మా జన్మలో అంత మాట మాకెవరు చెప్పారు? పొద్దున నడకకు వచ్చే పెద్దమనుషులు రోడ్డుకడ్డంగా గుంపులు కట్టి నడుస్తూ, మేం వస్తుంటే 'లేడీస్ నేర్చుకుంటున్నారు, జరగండి జరగండి' అని ఒకరినొకరు లాక్కుని కాలవలో పడబోయేవారు. నెమళ్ళు మాత్రం మమ్మల్ని లెక్క చేసేవి కావు. ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి హాస్టళ్ళ దాకా, అక్కడి నుంచి లైబ్రరీ వైపు, ఎన్ని స్పీడు బ్రేకర్లున్నా మా కారు వాటి దగ్గర బుద్ధిగా నిదానించేది. కుక్క అడ్డమొస్తే ఆగేది. మా పాదం ఇట్లా ఆనించగానే బ్రేకు మెత్తగా లోపలికి పోయేది. కారంటే ఇంత సుళువా, మగవాళ్ళు ఎన్నేళ్ళుగా ఎంత బడాయి పోతున్నారు అనుకునేవాళ్ళం. దిగేటప్పుడు సారు రోజూ ఒక మాట అనేవాడు. "ఇయ్యాల నా కాలు పెట్టనే లే బిడ్డా" అనేవాడు. ఆ మాట కోసమే మర్నాడు మళ్ళీ వచ్చేవాళ్ళం.

వెనక సీట్లోంచి చూస్తే ఆయన మోకాలు మాత్రం ఆగకుండా కదులుతూ ఉండేది. ఏమైంది సారూ అని అడిగాను. మోకాలు నొప్పి అన్నాడు, బస్సు క్లచ్చి తొక్కి తొక్కి అరిగిపోయిందన్నాడు, చేత్తో రుద్దుకున్నాడు కూడా. పాపం ముసలాయన అనుకున్నాం. మల్కాజ్‌గిరి వావిలాకు వేసి కాచిన నూనె సీసాలో పోసుకొచ్చి ఇచ్చింది. నేను మెస్సులోంచి వాము తెచ్చాను. నల్లకుంట ఎవరో డాక్టరు అడ్రసు కనుక్కొచ్చింది. ఆయన అన్నీ తీసుకుని జేబులో పెట్టుకుని, తల వంచుకుని, మీరంత మంచోళ్ళు బిడ్డా అనేవాడు. కార్లో కూర్చోగానే మోకాలు మళ్ళీ మొదలు. ఆ నూనె ఏ మాత్రం పని చేయలేదని మల్కాజ్‌గిరి బాధపడి, ఈసారి ఇంకో ఆకు వేసి కాచుకొచ్చింది.

లైసెన్సు పరీక్ష అందరం పాసయ్యాం. ఆ ట్రాకు మీద మొదటి గేరులో పాకించుకుంటూ ఎనిమిది అంకె తిప్పడమే కదా, దానికి బ్రేకుతో పెద్దగా పనే లేదు. లైసెన్సు కార్డు చేతికొచ్చిన రోజు మల్కాజ్‌గిరి దాన్ని బావకు చూపించిందట. ఆయన తిరగేసి మరగేసి చూసి, ఫోటో బాగా పడిందన్నాడట.

కంపెనీ ట్రయల్ రోజు పొద్దున్నే కుర్రవాడొకడు వాళ్ళ సొంత కారు వేసుకుని వచ్చాడు. మర్యాదస్తుడు, మమ్మల్ని మేడమ్ మేడమ్ అంటూ మాట్లాడాడు. క్యాంపస్‌లో మొదలుపెట్టి తార్నాక వెళ్ళి, మెట్రో కింద యూటర్న్ తీసుకుని, తిరిగి క్యాంపస్‌కే రావాలన్నాడు. సారు చెట్టు కింద నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళు మా మీద కాదు, ఆ కొత్త కారులో పక్క సీటు కాళ్ళ దగ్గర ఉన్నాయి. ముందు ఎవరు అని కుర్రవాడు అడిగితే మేమంతా మల్కాజ్‌గిరిని చూపించాం. బాగా నడిపేదాన్ని ముందు పంపితే మా అందరి మీదా మంచి అభిప్రాయం పడుతుందని మా తెలివి. నేనూ నల్లకుంటా వెనక ఎక్కాం.

మొదటి స్పీడు బ్రేకరు దగ్గరే మా తలలు పైకప్పుకు కొట్టుకున్నాయి. భయపడుతోంది పిచ్చిది, సర్దుకుంటుందిలే అనుకున్నాను. రెండో దాని దగ్గరా అంతే. బ్రేకు గట్టిగున్నది సార్ అంది ఆమె. అన్ని కార్లకూ అంతే ఉంటుంది మేడమ్ అన్నాడు కుర్రవాడు. గేటు దాటి తార్నాక రోడ్డెక్కాం. గేర్లు ఎంత శుభ్రంగా మార్చింది! అద్దం చూసింది, ఇండికేటరు వేసింది, పక్కన ఆటోవాడు తొంగి చూసి ఏదో అన్నా చలించలేదు. నాకు గర్వంగా ఉంది, ఎందుకు అబద్ధం చెప్పాలి? వరండాలో పడుకునే మనిషి అంత రద్దీలో కారు నడుపుతోంది.

బస్ స్టాపు దగ్గర ముందున్న బస్సు ఆగింది. ఆమె యాక్సిలరేటరు మీంచి కాలు తీసింది, క్లచ్చి నొక్కింది, బ్రేకు మీద రోజూ ఆనించినట్టే పాదం ఆనించింది. కారు ఆగలేదు. అప్పుడు ఆమె చేసిన పని నేను చచ్చేదాకా మరచిపోను. ముందుకు చూడాల్సిన మనిషి తల ఎడమ పక్కకు తిప్పి, కిందికి వంచి, పక్క సీట్లో ఆ కుర్రవాడి కాళ్ళ వైపు చూసింది. అక్కడ ఎందుకు చూసిందో ఆమెకూ తెలిసి ఉండదు. అక్కడ షూస్ వేసుకున్న రెండు కాళ్ళు ఖాళీగా ఉన్నాయి, వాటి ముందు ఏ బ్రేకూ లేదు. ఆ కాళ్ళు చూడగానే నాకు సారు మోకాలు గుర్తొచ్చింది. ఇంతలో మేం వెళ్ళి బస్సు వెనక గుద్దుకున్నాం.

పెద్ద దెబ్బ ఏమీ కాదు. ఒక లైటు పగిలింది, బంపరు వంగింది. బస్సుకైతే గీత కూడా పడలేదు. కానీ జనం మూగారు. కండక్టరు దిగొచ్చి చూసి, లేడీసా అన్నాడు. అదొక్క మాటే అన్నాడు, దాంతో అందరికీ అంతా అర్థమైపోయినట్టు తలలూపారు. నేను దిగి నాలుగు కడిగేశాను గానీ ఎవరు వింటారు? కుర్రవాడు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఫోను తీసుకుని పక్కకు వెళ్ళి మాట్లాడి వచ్చి, మిగతావాళ్ళకు ఇవాళ ట్రయల్ ఉండదనీ, తర్వాత కబురు చేస్తామనీ చెప్పి, కారు తనే నడుపుకుంటూ మమ్మల్ని క్యాంపస్‌లో దింపేసి వెళ్ళిపోయాడు. నల్లకుంట వెక్కి వెక్కి ఏడ్చింది. మల్కాజ్‌గిరి ఏడవలేదు. నేరుగా చెట్టు కింద ఉన్న సారు దగ్గరికి నడిచింది.

"గది మోకాలు నొప్పి కాదు గదా సారూ?"

ఆయన చెప్పాడు. "కాదు బిడ్డా. మీకంటె ముందటి బ్యాచోళ్లకు తిట్టుకుంట నేర్పిన. సగం మంది తెల్లారి రానే లే. మీరన్న నిలబడాలె అనుకున్న."

నాకు ఒళ్ళు మండిపోయింది. తండ్రిలాంటి మనిషని కూడా చూడలేదు. మేం సగం తొక్కాం, సగం నువ్వు తొక్కావు, అది నడపడమా? మమ్మల్ని కార్లో కూర్చోబెట్టి షికారు తిప్పావు అన్నాను. నూనె కాచుకొచ్చాం కదయ్యా నీకు, అప్పుడైనా చెప్పలేకపోయావా అన్నాను. ఆయన జేబులోంచి ఆ సీసా తీశాడు. మూత కూడా తీయలేదు.

మల్కాజ్‌గిరి మాత్రం కోపం తెచ్చుకోలేదు. రేపు పొద్దున ఎవరూ రాకముందే ఒక్కసారి తనతో నడిపించమనీ, కాలు పెట్టవద్దనీ అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు.

మర్నాడు ముగ్గురమే. సారు చెప్పులు విప్పేసి, పక్క సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వెనక సీట్లో నేను కూర్చున్నాను. మొదటి బ్రేకరు దగ్గర కారు గట్టిగా కుదుపుతో ఆగింది, నేను వెళ్ళి ముందు సీటుకు కొట్టుకున్నాను. రెండో దాని దగ్గర కొంచెం నయం. లైబ్రరీ దాటేసరికి ఆమె పాదానికి అర్థమైపోయింది. నడకవాళ్ళు అడ్డమొచ్చారు, ఆగింది. నెమలి అడ్డమొచ్చింది, ఆగింది. గేటు దగ్గర సారు తిప్పెయ్యమన్నాడు. ఆమె తిప్పలేదు, తార్నాక వైపు పోనిచ్చింది. నిన్నటి బస్ స్టాపు దగ్గర ఇవాళా ఒక బస్సు ఆగి ఉంది. దాని వెనక, మధ్యలోంచి ఒక మనిషి నడిచి వెళ్ళేంత జాగా ఉంచి, మెత్తగా ఆపింది. సారు కాళ్ళు సీటు మీదే ఉన్నాయి. మెట్రో కింద యూటర్న్ తీసుకుని వెనక్కి తెచ్చింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, ముసలాయన నా కన్నా ముందే ఏడుస్తున్నాడు. ఆమె నడపగలదు. నిజంగా, తన కాలితో తనే నడపగలదు. ఆ సంగతి ప్రపంచంలో మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు.

తెలియజేయడానికి చాలా తిరిగాం. కంపెనీ కుర్రవాడికి ఫోను చేస్తే, వాళ్ళ సిస్టమ్‌లో ఆమె ఫెయిల్ అని పడిపోయిందనీ, తార్నాకలో ఆడ డ్రైవర్ల సంగతి ప్రస్తుతానికి ఆపేశారనీ మర్యాదగా చెప్పాడు. ముందు ముందు వచ్చే బ్యాచ్‌లో చూద్దాం మేడమ్ అన్నాడు. సరే, ఆ బ్యాచ్‌లోనే చేర్చుకోమని సంస్థ మేడమ్‌ను అడిగితే, మీరు ఆల్రెడీ ట్రైన్డ్ కదమ్మా, నేర్చుకున్నవాళ్ళకు మళ్ళీ నేర్పడానికి రూల్సు ఒప్పుకోవు అంది. నేర్చుకోలేదని కంపెనీ, నేర్చుకున్నామని సంస్థ. మధ్యలో మేం. పైగా చెప్పకుండా కారు మెయిన్ రోడ్డు మీదికి తీసుకెళ్ళారని సారును మానిపించేశారు. ఆ రోజు నుంచి ఆయన క్యాంపస్‌లో కనబడలేదు.

మాకు సర్టిఫికెట్లు ఇవ్వడానికి మాత్రం పెద్ద ఫంక్షనే చేశారు. బ్యానరు కట్టారు, సమోసాలు పెట్టారు, మొక్క నాటించారు. అందరినీ ఒకే రంగు చీరలు కట్టుకు రమ్మన్నారు. మేడమ్‌కు మా మీద ప్రేమ లేదని కాదు, ఫోటోల మీద ఇంకొంచెం ఎక్కువ ఉంది. మల్కాజ్‌గిరి వచ్చింది, సర్టిఫికెట్టు పట్టుకుని నవ్వమన్నప్పుడు నవ్వింది. తర్వాత దాన్ని పట్టుకుని స్కూలు వ్యాన్ల ఓనర్ల దగ్గరికి, ట్రావెల్స్ దగ్గరికి, ఒక ముసలి డాక్టరమ్మ ఇంటికి తిరిగింది. అందరూ అడిగేది ఒకటే, ఎక్కడైనా నడిపిన అనుభవం ఉందా అని. కొన్ని చోట్లకు నేనూ వెళ్ళాను. ఒక ఓనరయితే సర్టిఫికెట్టు చదివి, నీ మగడు రాలేదా, అతనికైతే పని ఉంది అన్నాడు. ఆయన బతికి లేడని ఆమె చెప్పింది. అయ్యో అన్నాడు, సర్టిఫికెట్టు తిరిగిచ్చాడు.

పదో తరగతి రిజల్టు వచ్చింది. పిల్ల మంచి మార్కులతో పాసైంది. బావ స్వీట్లు కూడా తెచ్చాడట. మాట ప్రకారం మర్నాటి నుంచే ఆ పిల్ల నల్లకుంటలో ఆ చీరల దుకాణానికి వెళ్ళడం మొదలుపెట్టింది.

నేను మెస్సుకు, పెనం ముందుకు తిరిగొచ్చేశాను. పొద్దునపూట డ్యూటీలో కిటికీలోంచి చూస్తే అదే కారు కనబడుతుంది. వేరే ఆడవాళ్ళు, వేరే సారు. ఆ కారు కూడా స్పీడు బ్రేకర్ల దగ్గర బుద్ధిగా నిదానిస్తూ ఉంటుంది. నాకు చపాతీ మాడుతుంది.

ఈ మధ్య ఒక సాయంత్రం మల్కాజ్‌గిరిలో ఉండే మా చిన్నమ్మను చూడడానికి తార్నాకలో బస్సెక్కాను. ఆఫీసు పని ముగించుకుని మల్కాజ్‌గిరి కూడా నాతో పాటే ఎక్కింది. ఆడవాళ్ళకు డబ్బుల్లేని జీరో టికెట్టు వచ్చినప్పటి నుంచి బస్సులో కాలు పెట్టే సందు ఉండడం లేదు. అయినా ముందు వైపు నుంచి ఎవరో అమ్మా అని పిలిచారు. కూతురు. దుకాణం ఆ రోజు తొందరగా వదిలారట, నల్లకుంటలోనే ఎక్కింది కాబట్టి సీటు దొరికింది. దుకాణం వాళ్ళు ఇచ్చిన చీరలో ఉంది, పెద్దమనిషిలా కనబడింది. దుకాణంలో పొద్దంతా కూర్చోనివ్వరట. అయినా తల్లిని చూడగానే లేచి నిలబడి, ఆమెను కూర్చోబెట్టింది. సరిగ్గా డ్రైవరు వెనక సీటు.

బస్సు కదిలింది. ముందు ఒక ఆటో అడ్డమొచ్చింది. డ్రైవరు బ్రేకు వేయడానికి రవ్వంత ముందే మల్కాజ్‌గిరి కుడికాలు లేచి నేల మీద గట్టిగా తొక్కింది. నేను చూశాను. తర్వాత సిగ్నలు దగ్గర, అంతే. ఆ తర్వాత స్టాపు దగ్గర, అంతే. ఒక్కసారి కూడా తప్పు పోలేదు. ఎప్పుడు తొక్కాలో అప్పుడే, ఎంత తొక్కాలో అంతే. ఆమె కళ్ళు అద్దంలోంచి రోడ్డు మీదే ఉన్నాయి. పక్కన నేనున్నానని కూడా మరచిపోయింది.

"ఏమైందే అమ్మా, కాలు గట్ల కొడుతున్నవ్?" అని కూతురు అడిగింది.

మల్కాజ్‌గిరి ఉలిక్కిపడి చేత్తో మోకాలు రుద్దుకుంది. నా వైపు చూడలేదు.

"ఏం లేదు బిడ్డా. మోకాలు నొస్తున్నది."

ఆ పిల్ల అంత రద్దీలోనే చీర కుచ్చిళ్ళు సర్దుకుని, తల్లి కాళ్ళ దగ్గర కింద కూర్చుంది. పొద్దంతా నిలబడి వచ్చిన పిల్ల. ఇంటికి పోయాక నూనె కాచి రాస్తానంది, అప్పటిదాకా ఒత్తుతానంటూ రెండు చేతులతో ఆ మోకాలు పట్టుకుని ఒత్తడం మొదలుపెట్టింది. ఇంతలో ముందు స్టాపు వచ్చింది. పిల్ల చేతుల కింద మోకాలు మళ్ళీ కదిలింది.